మార్జిన్‌లో పెన్సిలు రాత

మెహరున్నీసా అద్దె పుస్తకాల అంగట్లో గోడకు ఒక అట్టముక్క వేలాడుతుండేది. "పుస్తకాల మీద రాయరాదు" అని ఎర్రసిరాతో ఆమే రాసి తగిలించింది. వారం తిరక్కముందే దాని కింద ఎవరో "సరే" అని రాసిపోయారు. ప్రొద్దుటూరు ఆడవాళ్ళకు నీతులు చెప్పబోతే ఇట్లాగే ఉంటుంది.

అంగడంటే నిజానికి అంగడి కాదు, ఇంటి ముందుగది. మొగుడు హబీబుల్లా కువైట్‌లో బండి తోలుతున్నాడు. రెండేళ్ళకోసారి వస్తాడు, నలభై రోజులుంటాడు, పోతాడు. మిగతా కాలం గడవడానికి మెహరున్నీసా వారపత్రికల్లోంచి సీరియళ్ళు చించి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి పుస్తకాలు చేసుకునేది. ఇరుగుపొరుగు అడిగి పట్టుకుపోవడం మొదలైంది, పోయినవి తిరిగిరాకపోవడమూ మొదలైంది. ఊరికే ఇచ్చి పోగొట్టుకోవడం దేనికి, అద్దెకే ఇస్తే పోలా అనుకుంది. అట్లా పుట్టింది అంగడి.

రాతల మీద ఆమెకు కోపం ఊరికే రాలేదు. ఒకసారి ఎవడో ఒక నవల ఇరవయ్యో పేజీలో "రేపు ఆరింటికి, అదే చోట" అని రాశాడు. ఆ పుస్తకం చేరవలసిన చేతికి చేరకుండా వేరే ఇంటికి చేరింది. ఆ ఇంటి మొగుడు వచ్చి మెట్ల మీద కూర్చుని, పొద్దు వాలేదాకా వీధంతా వినేటట్టు తిట్టిపోశాడు. అప్పటి నుంచి తిరిగొచ్చిన ప్రతి పుస్తకాన్నీ మెహరున్నీసా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పి చూసేది. పెన్సిలు రాతలైతే రబ్బరుతో తుడిచేది, సిరా రాతలైతే అడ్డంగా కొట్టేసేది. నోరు కబుర్లు చెబుతుంటే చెయ్యి తుడుస్తుండేది. రానురాను ఆ చెయ్యి ఎవరి ఆజ్ఞ కోసమూ ఆగడం మానేసింది.

ఒక్క గుర్తులు మాత్రం తుడిచేది కాదు. వారానికి ఆరు నవలలు మింగే ఆడవాళ్ళకు ఏది చదివారో ఏది చదవలేదో గుర్తుండి చావదు. అందుకని ఒక్కొక్కరు ఇరవై ఏడో పేజీ మూలన తమ తమ గుర్తు వేసుకునేవారు. ఒకామెది ముగ్గుచుక్క, ఒకామెది చేపపిల్ల, ఒకామెది మొగుడి పేరులో మొదటి అక్షరం. ఆ పేజీ తెరిస్తే పుస్తకం ఏయే ఇళ్ళు తిరిగిందో తెలిసిపోయేది.

ఊరి ఇళ్ళ సంగతి సరే. పుస్తకాలు పల్లెలకు కూడా పోయేవి, గాజుల మస్తానమ్మ మలారంలో, అంటే గాజుల సరాలు కట్టుకునే మూటలో. మస్తానమ్మకు అరవై దాటాయి. ప్రొద్దుటూరులో గాజులు కొని, జమ్మలమడుగు, పులివెందుల బస్సులెక్కి పల్లె పల్లె తిరిగేది. అవి ఫ్యాక్షను రోజులు. పెద్ద ఇళ్ళలో మగవాళ్ళు పెరట్లోకి పోవాలన్నా ముందొకడు, వెనకొకడు ఉండాల్సిందే. ఇక ఆడవాళ్ళ సంగతి చెప్పేదేముంది, వాళ్ళకు గడపే పొలిమేర. ఆ ఇళ్ళలోకి పోలీసులు పోలేరు, పోస్టుమాను వాకిట్లోనే ఆగిపోతాడు. గాజులమ్మ మాత్రం వంటింటి దాకా పోతుంది. ఎర్రగాజుల సరాల కింద నాలుగు నవలలు పోతే ఎవరడిగారు? మస్తానమ్మకు చదువు రాదు. ఏ పుస్తకం ఎవరికి ఇవ్వాలో అట్ట రంగు చూసి గుర్తుపెట్టుకునేది.

ఆ సంవత్సరమే మండలాలు కొత్తగా వచ్చాయి. మండల ప్రెసిడెంటు కుర్చీ ఎట్లా ఉంటుందో చూడకముందే దాని కోసం జమ్మలమడుగు పల్లెల్లో బాంబులు చుట్టడం మొదలైంది. ఆ ఏడే ఒక వారపత్రికలో "ఏడో గది" సీరియలు ముగిసింది.

దాని పిచ్చి అంతా ఇంతా కాదు. విక్రమ్ అని ఒక డబ్బున్నవాడు మాధవి అనే పిల్లను ఎత్తుకుపోయి కొండ మీద బంగళాలో ఏడో గదిలో పెడతాడు. ఒంటి మీద చెయ్యి వెయ్యడు. రోజుకొక ప్రశ్న అడుగుతాడు, ఆమె జవాబు నచ్చితే ఒక కిటికీ తెరుస్తాడు. పిచ్చి వాడికా, ఆమెకా అని చదివేవాళ్ళు జుట్టు పీక్కోవాలి. చివరికి తెలిసేదేమంటే, మూడో రోజు నుంచీ ఆ గది తలుపుకు గడియే లేదు. అయినా మాధవి పోలేదు. పోకుండా వాడి మెడలో దండ వేస్తుంది. సైకలాజికల్ థ్రిల్లరని పత్రికవాళ్ళు పెట్టిన పేరు. మెహరున్నీసా ముప్పై వారాల కాగితాలు కుట్టి, నీలం అట్ట వేసి బల్ల మీద పెట్టిందో లేదో పుస్తకం కాళ్ళొచ్చినట్టు తిరగడం మొదలుపెట్టింది.

తిరిగొచ్చినప్పుడల్లా మార్జిన్లు నల్లబడి వచ్చేవి. "ఇటువంటి మొగుడు దొరికితే ఏడు గదులేం, ఏడు జన్మలుంటాను" అని ఒకామె. దాని కింద "నీకు గదిలో వంట చెయ్యకుండా కూర్చోవడం ఇష్టం, అంతే" అని ఇంకొకామె. "మా ఆయనతో చదివించినాను. నిద్రపోయినాడు" అని మరొకామె. అచ్చుతప్పులన్నీ వరసగా దిద్దిపెట్టిన మహానుభావుడెవరో కూడా ఉన్నాడు. మెహరున్నీసా మొదటి రెండు సార్లు తుడిచింది. మూడోసారి నవ్వొచ్చి వదిలేసింది. నాలుగోసారికి జనం "ఆ రాతలుండే పుస్తకమే ఇయ్యక్కా" అని అడగడం మొదలుపెట్టారు. అట్టముక్క మీది నియమం ఆ ఒక్క పుస్తకానికి చెల్లకుండా పోయింది.

ముప్పై ఒకటో పేజీలో కారులోకి లాగేటప్పుడు "మాధవి కెవ్వుమని అరిచింది. ఆ అరుపుకు లోయ దద్దరిల్లింది" అని ఉంటుంది. ఒకసారి పుస్తకం పల్లెల నుంచి తిరిగొచ్చినప్పుడు ఆ వాక్యం పక్కన సన్నటి పెన్సిలు రాత కనపడింది.

"అరవదు. గొంతు రాదు."

అంతే. చదువుకున్న చేతిరాత, గుండ్రంగా, తలకట్లు తీర్చి. మెహరున్నీసా ఆ రెండు మాటలూ మళ్ళీ చదివింది. పక్కన ఎవరో మెల్లగా చెప్పినట్టు అనిపించి తల తిప్పి చూసింది కూడా.

ఆ పైవారం ఆ పెన్సిలు కింద నీలం సిరా వచ్చింది. "ఎందుకు రాదండీ? నేనైతే ప్రొద్దుటూరంతా లేచేటట్టు అరుస్తా." ఆ సిరా ఎవరిదో మెహరున్నీసాకు తెలుసు. మూలన ఐదు కొనల నక్షత్రం గుర్తు వేసే గంగాభవానిది. పెరుగు మజ్జిగ కాకముందే వెన్న గురించి వాదించే రకం. బీఏ రెండో సంవత్సరం. వాళ్ళ నాయన రామసుబ్బయ్య జమ్మలమడుగు దగ్గరి పల్లెలో గొర్రెలు కాచి, గొర్రెలు అమ్మి పొలం కొని, పొలంతో పాటు నలుగురిలో మాట కూడా సంపాదించుకున్న మనిషి. కూతురిని ప్రొద్దుటూరులో మేనత్త ఇంట్లో పెట్టి చదివిస్తున్నాడు. పార్టీవాళ్ళు ఆయన్ను మండల ప్రెసిడెంటుకు నిలబెడుతున్నారని, ఎదుటిపక్షం నుంచి బోడిగుట్టపల్లె ఈశ్వరయ్య నిలబడతాడని ఊరంతా అనుకుంటున్నది.

పుస్తకం మళ్ళీ పల్లెకు పోయి వచ్చింది. నీలం సిరా కింద పెన్సిలు: "మంచిది తల్లీ. అట్లే అరువు."

చివరి పేజీలో ఇంకా పెద్ద రాత. "గడియ లేకపోయినా ఎందుకు పోలేదో రాసినాయనకు తెలియదు. ప్రేమ అనుకున్నాడు. పోతే తీసుకునే ఇల్లు లేదు. మూడు రోజులు బయట ఉన్న ఆడదానికి తిరిగి పోయేదానికి ఏ ఇల్లూ ఉండదు."

ఈసారి మస్తానమ్మ వచ్చినప్పుడు మెహరున్నీసా ఇరవై ఏడో పేజీ తెరిచి, మూలన విరిగిన గాజుముక్క లాంటి గుర్తు మీద వేలు పెట్టింది.

"పెద్దమ్మా, ఆ నీలం సిరా రామసుబ్బయ్య కూతురు భవానిది. మరి ఈ గుర్తు ఎవరిది?"

మస్తానమ్మ వీధి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "బోడిగుట్టపల్లె ఈశ్వరయ్య పెండ్లాం, శ్యామలమ్మ. పులివెందుల కాడి పిల్ల. టీచరు పరీచ్చ రాసేదానికి వచ్చి బస్టాండులో నిలబడుకోనుంటే జీపులో ఎత్కపోయినాడు. పన్నెండేండ్లాయ. ఇప్పుడు వాండ్లింట్లో ఆ ముచ్చట పండగనాడు చెప్పుకోని నగుతారు. ఈశ్వరయ్య మగతనమంటే అదీ అని. ఆ యమ్మ కూడా వడ్డిస్తా నగుతాది."

"నీతో ఏమన్నా చెప్పుకుంటాదా?"

"నోటితో ఏం చెప్పదు. గాజులేసేటప్పుడు చెయ్యి నా చేతిలో ఉంటాది కదమ్మా. బిగపట్టుకోనుంటాది. పన్నెండేండ్లలో ఒక్కతూరి కూడా ఆ చెయ్యి మెత్తబడలా."

ఆ మాట విన్న దగ్గర నుంచి మెహరున్నీసా ఆ పుస్తకం తెరిచినప్పుడల్లా అచ్చు చదవడం మానేసింది.

నామినేషన్లకు ఇంకా ఐదు రోజులున్నాయనగా, ఒక మధ్యాహ్నం మస్తానమ్మ అన్నం కూడా తినకుండా బస్సు దిగి నేరుగా అంగడికి వచ్చింది. మలారం దించి, నీలం అట్ట పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది.

"వేరే ఊరికి తిప్పొద్దు, తొందరగా అంగడామెకే ఇయ్యమని చెప్పింది శ్యామలమ్మ. ఎందుకో నాకు తెల్దు. ఇంట్లో ఏందో సందడిగా ఉండాది. మరిదికి కొత్త గుడ్డలు కుట్టిస్తాండారు."

ముసలామె కాళ్ళు కడుక్కోవడానికి లోపలికి పోయింది. మెహరున్నీసా పుస్తకం తిప్పింది. మార్జిన్లలో కొత్తగా ఏమీ లేదు. వెనకట్ట లోపలి తెల్ల కాగితం మీద ఉంది.

"నీలం సిరా రాసే పాప రామసుబ్బయ్య గారి బిడ్డ అని మస్తానమ్మ చెప్పింది. ఆ పాపకు చెప్పండి. నామినేషన్లు అయ్యేదాకా కాలేజీకి పోవద్దు, ఒంటరిగా బయటికి రావద్దు. మా మరిది చిన్నసుబ్బయ్య జీపు సిద్ధం చేసినాడు. పెండ్లి చీర కూడా కొన్నారు. చెప్పినాక తుడిచెయ్యండి."

మెహరున్నీసాకు ఒకటే లెక్కలేని భయాలు. ఈ కాగితం ఎవరి కంటనన్నా పడితే శ్యామలమ్మను బావిలో తేలుస్తారు. మోసుకొచ్చిన మస్తానమ్మను బస్సులోంచి దింపి నరుకుతారు. తన అంగడి మీద బాంబు పడుతుంది, లోపల అన్నీ కాగితాలే, అగ్గిపుల్ల చాలు. "ఊళ్ళో గొడవల్లో తల దూర్చవద్దు" అని హబీబుల్లా ప్రతి ఉత్తరంలోనూ సలాము తర్వాత మొదటి వాక్యంగా రాస్తాడు. వీధిలో ఎవరో దగ్గారు. ఆమె ఉలిక్కిపడింది. మళ్ళీ కిందికి చూసేటప్పటికి చేతిలో రబ్బరుంది, కాగితం తెల్లగా ఉంది. ఒడిలో నల్లటి రబ్బరుపొట్టు.

నోటితో చెబుతాలే, నోటి మాటకు సాక్ష్యముండదు, అదే మేలు అని సర్దిచెప్పుకుంది. మనిషి భయపడి చేసిన పనికి తెలివి అని పేరు పెట్టుకోవడానికి ఎంతసేపు పడుతుంది!

భవాని సాయంత్రం కాలేజీ విడవగానే వచ్చింది. అంగట్లో ఇద్దరాడవాళ్ళు పుస్తకాలు తిరగేస్తున్నారు. బయట స్కూటరు మీద ఒకాయన పెళ్ళాం కోసం కాచుకుని ఉన్నాడు. ఆయన ఎవరి మనిషో మెహరున్నీసాకు తెలియదు. ఆ రోజుల్లో ప్రతి మనిషీ ఎవరో ఒకరి మనిషే.

"అక్కా, ఏడో గది వచ్చిందా? పెన్సిలామె ఏమన్నా రాసిందా?"

"ఈడికి రా పాపా." మెహరున్నీసా ఆమెను బీరువా పక్కకు లాగింది. "ఒక నాలుగు దినాలు కాలేజీకి పోవాకమ్మా. ఇంట్లోనే ఉండు."

"ఎందుకక్కా?"

"పోవద్దంటే పోవద్దు. నామినేషన్లు కానీ."

భవాని కళ్ళు పెద్దవి చేసి, తర్వాత పకపకా నవ్వింది. "ఏందక్కా, నన్ను గానీ విక్రమ్ ఎత్కపోతాడా ఏంది?"

పుస్తకాలు తిరగేస్తున్న ఇద్దరూ నవ్వారు. స్కూటరాయన లోపలికి తొంగిచూశాడు. మెహరున్నీసాకు కూడా నవ్వు వచ్చినట్టు పెదవులు కదిలాయి. ఆ నవ్వును ఆమె తర్వాత ఎన్నేళ్ళయినా క్షమించుకోలేకపోయింది.

"నగులాట కాదు పాపా. రాసింది. పెన్సిలామె."

"యాడ? చూపియ్యి."

భవాని ఆమె చేతిలోంచి పుస్తకం తీసుకుంది. ముప్పై ఒకటో పేజీ చూసింది, చివరి పేజీ చూసింది, వెనకట్ట తిప్పింది. కాగితం శుభ్రంగా ఉంది. ఇంత శుభ్రంగా మెహరున్నీసా ఏ పుస్తకాన్నీ తుడవలేదు.

"ఏం లేదు కదక్కా ఈడ."

ఇప్పుడు చెప్పాలి. నేనే తుడిచినా, ఇట్లా రాసి ఉన్నింది, ఈశ్వరయ్య తమ్ముడు, జీపు, పెండ్లి చీర. నాలుగు మాటలు. స్కూటరాయన ఇంకా ఇటే చూస్తున్నాడు. మెహరున్నీసా నోరు తెరిచింది. తెరిచిన నోటితోనే నిలబడిపోయింది.

"నువ్వు ఈ నవల శానాసార్లు చదివినావక్కా, అదీ సంగతి," అని భవాని ఆమె భుజం తట్టింది. "మా నాయనకు ఈ మాట చెప్పొద్దు సామీ, చదువు మాన్పించి గొర్రెలకాడికి తోల్తాడు. రేపు ఇంటర్నల్ పరీచ్చ ఉంది, పోకపోతే సున్నా ఏస్తారు. వస్తాండా."

పోయింది. రామసుబ్బయ్యకు కబురు పంపుదామా అని మెహరున్నీసా ఆలోచించింది. పంపితే ఆయన మనుషుల్ని వేసుకుని బోడిగుట్టపల్లె మీదికి పోతాడు. ఎవరు చెప్పారని అడుగుతారు. ఎవరు చెప్పారని ఎక్కడ అడిగినా దారి శ్యామలమ్మ దగ్గరికే పోతుంది. మేనత్తకన్నా చెబుదామని బురఖా వేసుకుని వీధి చివరి దాకా పోయింది. అక్కడ టీ అంగట్లో ముక్కూమొహం తెలియని నలుగురు కూర్చుని ఉంటే వెనక్కి తిరిగి వచ్చింది. రేపు పొద్దున చెబుదాం అనుకుంది.

పొద్దున తొమ్మిదిన్నరకు కాలేజీ రోడ్డులో జీపు ఆగింది. జామకాయల బండామె చూసింది, రిక్షావాడు చూశాడు, తోటి పిల్లలు నలుగురు చూశారు. చెప్పు ఒకటి రోడ్డు మీద పడిపోయింది. పొద్దెక్కేసరికి ఊరంతా తెలిసింది. సాక్ష్యం అడిగిన పోలీసులకు మాత్రం ఎవరూ ఏమీ చూడలేదు.

నామినేషన్ల చివరి రోజు రామసుబ్బయ్య మండలాఫీసు వాకిలి దాకా వచ్చి, కాగితాలు సంచిలోనే పెట్టుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు రెండువైపులా పెద్దమనుషులు కూర్చున్నారు. పోలీసు కాగితం మీద ఎక్కితే అది కిడ్నాపు, ప్రెస్సులో పెండ్లిపత్రిక అచ్చయితే అదే పెండ్లి. పత్రికే అచ్చయింది. ఈశ్వరయ్య ఏకగ్రీవంగా ప్రెసిడెంటయ్యాడు. నిన్నటిదాకా కత్తి తీసిన మనిషిని రామసుబ్బయ్య "బావా" అని పిలవాల్సి వచ్చింది. పిలిచాడు కూడా. గొర్రెల మందలో ఒకదాన్ని తోడేలుకు వదిలి మిగతావాటిని తోలుకుపోవడం ఆయనకు తెలిసిన విద్యే. కాకపోతే ఆ రోజు నుంచి ఆయన తలపాగా చుట్టడం మానేశాడని చెప్పుకున్నారు.

అంగట్లో ఆ వారమంతా ఇదే ముచ్చట.

"ఎత్కపోయినా పెండ్లి చేసుకున్నాడు కదా, అదే పదివేలు."

"పిల్లోడు బాగుంటాడంట మే, పొడుగ్గా. అదృష్టవంతురాలే."

"అరిచిందంటావా? అరిచుంటే ఎవరో ఒకరు పోయుండరూ? ఆ యమ్మికి కూడా ఇష్టముండె ఏమో."

"అచ్చం నవల మాదిరే ఉంది. ఏడో గది ఇయ్యక్కా, మళ్ళీ చదవల్ల."

మార్జిన్లలో చదివి నవ్వుకున్న మాటలే, ఇప్పుడు నోళ్ళలోంచి వస్తున్నాయి. మెహరున్నీసా ఏడో గది లేదు, పోయింది అని అబద్ధం చెప్పింది. పుస్తకం ఆమె పరుపు కింద ఉంది.

పెండ్లికూతురికి గాజులు వెయ్యడానికి మస్తానమ్మనే పిలిపించారు. ఆ పని ముగించుకుని అంగడికి వచ్చి, మలారం దించి, మంచినీళ్ళ చెంబు చేతిలోకి తీసుకుంది.

"మణికట్లు రెండూ వాచిపోయుండాయి మెహరూ. రెండణాల సైజు గాజు పట్టల్సిన చెయ్యికి నాలుగణాల గాజు కూడా ఎక్కలా. అప్పటికీ ముసలిదాన్ని, సబ్బు రాసి రాసి ఎక్కించినా. నొప్పి పుట్టింటాది, ఒక్కతూరి కూడా అబ్బా అనలా. నేను లేస్తాంటే ఒకటే మాట అడిగింది. అక్క అంగట్లో ఏడో గది ఉందా అని."

మెహరున్నీసా లోపలి గదిలోని పరుపు వైపు చూసింది.

"ఆ శ్యామలమ్మ ఉండ్లా, వంటింట్లోకి పిలిచి, ఆ పాపకు చెప్పలేదా అని అడిగింది. ఏం చెప్పల్లనో నాకేం తెల్సు? ఏందమ్మా చెప్పల్సింది? నన్ను అట్ల చూసింది చూడు, నేనే ఏందో చేసినట్టు."

మెహరున్నీసా చెప్పలేదు. ఆ ముసలామెకు కూడా చెప్పలేదు. పరుపు కింది నుంచి పుస్తకం తీసి, నీలం అట్ట మీద దుమ్ము కొంగుతో తుడిచి, గాజుల సరాల కింద తానే సర్దింది.

పుస్తకం ఇరవై రోజులకు తిరిగొచ్చింది. ఎన్నికలు అయిపోయాయి, మైకులు ఆగాయి. ఆ మధ్యాహ్నం అంగట్లో ఎవరూ లేరు. మెహరున్నీసా తలుపు దగ్గరికి వేసి ముప్పై ఒకటో పేజీ తీసింది. అన్నీ వరసగా ఉన్నాయి. లోయ దద్దరిల్లేటట్టు అరిచిన మాధవి. "అరవదు. గొంతు రాదు." "నేనైతే ప్రొద్దుటూరంతా లేచేటట్టు అరుస్తా." "మంచిది తల్లీ. అట్లే అరువు." వాటి కింద ఒక కొత్త మాట ఉంది. రాత భవానిదే, సిరా మాత్రం లేదు. ఇప్పుడు ఆమెది కూడా పెన్సిలే. ఆ ఇంట్లో సిరా పెన్నులు మగవాళ్ళ జేబుల్లోనే ఉంటాయి కాబోలు.

"రాలేదు."

మెహరున్నీసా ఏడ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని, వీధికి వినపడకుండా, అప్పుడు కూడా వినపడకుండానే ఏడ్చింది. ఎదురుగా బల్ల మీద రబ్బరు ఉంది. అరిగి అరిగి చింతగింజంత అయింది. దాన్ని తీసి కిటికీలోంచి కాలువలోకి విసిరేసింది.

వెనకట్ట తిప్పి, కాగితాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంది. పెన్సిలు నొక్కిన చోట సన్నటి గాట్లు ఇంకా ఉన్నాయి. "చెప్పండి" అన్న మాట బాగా నొక్కి రాసినట్టుంది, అదొక్కటే తేటగా కనపడుతున్నది. తర్వాతిది "చెప్పినాక." ఆమె ఆ రెండింటి మీదా వేలితో మెల్లగా రాసింది. రాసినట్టు చేసివుంటే ఇంత జరిగేది కాదు. చెప్పడం ముందు, తుడవడం తర్వాత. శ్యామలమ్మ వరస సరిగ్గానే రాసింది.

అంగడి పెట్టి తొమ్మిదేళ్ళు. ఎన్ని వందల పుస్తకాలు కుట్టిందో, ఎన్ని వేల రాతలు తుడిచిందో. ఒక్క పుస్తకం మీద కూడా తన చేత్తో ఒక్క అక్షరం రాయలేదు. హబీబుల్లాకు ఉత్తరాలు రాసే సిరాపెన్ను బీరువాలోంచి తీసింది. ముందు భవాని రాసిన మాట మీద, ఒక్కొక్క గీతా తప్పకుండా, సిరాతో దిద్దింది. ఇక ఏ రబ్బరుకూ పోదు. తర్వాత మార్జిన్‌లో మిగిలిన కాస్త జాగాలో, దాని కిందనే, తన మాట రాసింది.

"నాకూ రాలేదు."

సిరా ఆరేదాకా ఊది, తలుపు తీసి, పుస్తకాన్ని అందరికీ కనపడేటట్టు బల్ల మీద పెట్టింది. తర్వాత గోడకున్న అట్టముక్కను దించేసింది.